పదహారంగుళాల సాక్షి

"పది గంటల నాలుగు నిమిషాలకి. కావాలంటే చూసుకోండి మేడం," అంటూ నవీన్ తన ఫోన్ని బల్ల మీద నా వైపు తోశాడు.

చూశాను. గురువారం ఉదయం 10:04. 'మామయ్య'. నిమిషం పన్నెండు సెకన్లు. అంతవరకు సరే. ఫోన్ చేశాడన్న సంగతి ఫోనే చెబుతుంది. ఏం మాట్లాడుకున్నదీ మాత్రం మనిషి చెప్పాలి. పదకొండేళ్ళుగా నేను అన్నం తింటున్నది ఆ తేడా మీదే.

ఆ రోజు శనివారం, పదకొండున్నర అయింది. ఆత్మకూరులో నవీన్ ఆఫీసులో కూర్చున్నాం. నేను జెస్సీని, ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క ప్రైవేటు డిటెక్టివ్‌ని. నా పక్కన రూబీ, నన్ను పనిలో పెట్టుకున్న అమ్మాయి. ఆమె నాన్న సురేంద్రబాబు నిన్న సాయంత్రం నుంచి పోలీస్ స్టేషన్లో ఉన్నాడు. ఈ రోజు నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తారు. ఉదయగిరిలో నవీన్ మేనమామ రామనారాయణ గారిని తల వెనక పానాతో కొట్టాడన్నది అతని మీద ఆరోపణ. పానా అతనిదే. పెద్దాయన నెల్లూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆయన కళ్ళు తెరవకపోతే సురేంద్రబాబు హంతకుడైపోతాడు.

అంతటికీ మూలం ఒక రికార్డు. రామనారాయణ గారి నాన్న 1961లో గిరిజ పళ్ళపొడి అని ఒక సరుకు అమ్మేవాడు. రేడియోలో వేయించడానికి మద్రాసు స్టూడియోలో తన ప్రకటన రికార్డు చేయించాడు, వేరే కంపెనీల వాళ్ళవీ అదే రికార్డు మీద ఉన్నాయి. రేడియో స్టేషన్ల కోసం చేసిన ఆ రికార్డు అడ్డంగా కొలిస్తే పదహారంగుళాలు. ఇళ్ళల్లో ఉండే ఏ గ్రామఫోను మీదా పట్టదు. అరవై ఏళ్ళు ట్రంకు పెట్టెలో పడుంది. చివరికి ఆత్మకూరులో సౌండు సిస్టాల షాపు నడిపే సురేంద్రబాబు మూడు నెలలు కూర్చుని దాని కోసమే ఒక మిషను తయారుచేశాడు. గురువారం దాన్ని మొదటిసారి మోగించారు. ఆ రికార్డు పూర్తిగా మోగకముందే పెద్దాయన నేల మీద పడ్డాడు.

"మామయ్య ఫోన్లో ఏమన్నారు?" అని అడిగాను.

"'ఇప్పుడే రికార్డు పెట్టినాంరా, సురేంద్ర పక్కనే ఉండాడు. మిషను సరిగా లేదంటే నా మీదకే ఎగిరి పడతన్నాడు, మళ్ళీ చేస్తా' అన్నాడు. పెట్టేసినాడు."

"మా నాయన అట్టా ఎగిరి పడే మనిషి కాదు," అంది రూబీ.

నేను ఆమె మోచేతి మీద చెయ్యి వేశాను. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు మనవాళ్ళు అడ్డం రావడం నాకు నచ్చదు, వచ్చేది ఎంత న్యాయమైన మాటైనా సరే.

"వెనక రికార్డు వినపడిందా నవీన్ గారూ?"

"బ్రహ్మాండంగా. మా పళ్ళపొడి యాడే. మగ గొంతు. 'గిరిజ పళ్ళపొడి, గిరిజ పళ్ళపొడి' అని రెండుసార్లు. రికార్డులో మొట్టమొదటి యాడ్ మాదే మేడం. మా తాత ఆ రోజుల్లోనే అట్టా పెట్టించినాడు."

"అంతకుముందు ఎప్పుడన్నా విన్నారా దాన్ని?"

"ఎట్ట వింటాం? మోగించే మిషనే లేదు గదా. గురువారం దాకా ఆ రికార్డులో ఏముండాదో ఎవరికీ తెలవదు."

నోట్‌బుక్కులో ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. ఆ గీత ఎందుకు గీశానో అప్పటికి నాకే సరిగా తెలియదు.

"పదీ నాలుగుకి మీరెక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే."

"ఎవరన్నా చూశారా?"

"మా కుర్రోళ్ళు పదకొండుకి గానీ రారు."

"ఆ కెమెరా?" అని గోడ మూల చూపించాను.

"రిపేరు. పది రోజులయింది."

కెమెరా కింద కొత్తగా అచ్చు వేయించిన పోస్టరు ఉంది. పాతకాలపు డబ్బా బొమ్మ, కింద '1961 నుంచి. మా తాత చేతి పొడి.' వచ్చే నెలలో హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ పేరును కొనబోతోందని, సంతకాలే మిగిలాయని అడగకుండానే చెప్పాడు. తర్వాత వాచీ చూసుకుని లేచాడు.

"నెల్లూరికి పోవాల. మామయ్య పొద్దున చేతివేళ్ళు కదిపినాడంట. రెండింటికి బంధువుల్ని లోపలికి వదుల్తారు." తలుపు దగ్గర ఆగి రూబీ వంక చూశాడు. "మీ నాయనకి పని ఇచ్చినందుకు మా మామయ్యకి మంచి బహుమానమే దక్కింది పాపా."

రూబీ ఏడవలేదు. కారెక్కి ఉదయగిరికి బయల్దేరాం. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు నాకు బుర్ర బాగా పనిచేస్తుంది, అదొక్కటే అదృష్టం.

*

ఒంటిగంటకి రామనారాయణ గారింట్లో అడుగుపెట్టేసరికి ఆయన పడక్కుర్చీలో మాల్యాద్రి గారు కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఈయన పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి, రిటైరై, నెల్లూరులో సొంత ఏజెన్సీ పెట్టుకున్నారు. నవీన్ ఈయన్ని పెట్టుకున్నాడు. ఈయన రాసిచ్చిన నాలుగు పేజీలే ఇవాళ సురేంద్రబాబు మెడకి చుట్టుకున్నాయి.

"రామ్మా జెస్సీ. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు అయిపోయినయ్యా?"

"అయిపోయినయ్యి సార్. పెళ్ళికొడుక్కి ఉద్యోగం లేదని తేలింది. మీ కేసులో ఏం లేదో చూసి పోదామని వచ్చినా."

కాపలా ఉన్న కానిస్టేబుల్ మస్తానయ్య నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. వేలిముద్రలు, ఫోటోలు అన్నీ అయిపోయాయి. పానాని ముందే ఎవరో తుడిచేశారు, దాని మీద ఏమీ దొరకలేదు. గది చూసుకోవచ్చని ఎస్సై గారు నాకూ అనుమతి ఇచ్చారు.

గది నడుమ బల్ల మీద ఆ మిషను ఉంది. కుట్టు మిషను మోటారు, అల్యూమినియం గొట్టంతో చేసిన పొడుగాటి చెయ్యి, దాని కొసన ముల్లు. తిరిగే పళ్ళెం మీద రికార్డు. పెళ్ళి బంతిలో వేసే విస్తరంత ఉంది. అల్యూమినియం రేకు మీద నల్లటి పూత. కాలానికి కాస్త వంకర తిరిగినట్టుంది, నడుమ లేబులు మీద ఒక బరువైన ఇత్తడి బిళ్ళ పెట్టి ఉంచారు. గాడులు నాలుగు పట్టీలుగా ఉన్నాయి, మధ్యమధ్య సన్నటి మెరుపు రింగులు. అంటే నాలుగు ప్రకటనలు. ముల్లు బయటి అంచుకి చాలా దగ్గరగా, చిటికెన వేలి మందం లోపల ఆగి ఉంది.

"విను," అన్నారు మాల్యాద్రి గారు లేచి. ఆయన చెబుతుంటే వినాల్సిందే. ముప్ఫై ఏళ్ళు వినిపించిన గొంతు అది. "ముల్లు ఎక్కడుంది? అంచున. రికార్డు ఎక్కడ మొదలవుతుంది? అంచున. మా ఇంట్లో గ్రామఫోను ఉన్నింది, నాకు చెప్పబాకు. ముల్లు పట్టుమని పది గాడులు నడవలేదు. అంటే రికార్డు పెట్టిన నిమిషంలోపే దెబ్బ పడింది. పదీ నాలుగుకి నవీన్ ఫోన్ చేసినాడు, మొదటి యాడ్ మోగుతోంది, సురేంద్ర పక్కనే ఉండాడు. ఫోన్ పెట్టంగానే కొట్టినాడు. బజారుకి ఉరికినాడు. పదీ తొమ్మిదికి హార్డ్‌వేర్ షాపు కెమెరాలో పడ్డాడు. ఇక్కణ్ణించి అక్కడికి అయిదు నిమిషాలు. లెక్క కుదిరిందా?"

"బాగా కుదిరింది సార్. సురేంద్ర ఏమంటున్నాడు?"

"సరిగ్గా పదికి రికార్డు పెట్టినాడంట. మొదటి పాట అయిపోతుండగా బెల్టు జారతందని, కొత్తది తేవడానికి పదీ మూడుకి బజారుకి పోయినాడంట. బెల్టు కోయించుకుని పదీ నలభైకి వచ్చేసరికి పెద్దాయన కింద పడున్నాడంట. ప్రతి దొంగా చెప్పేదే."

"ప్రతి దొంగా బెల్టు కోసం బజారుకి పోడు సార్."

"నీకు ఇంతకన్నా మంచి లెక్క ఉంటే చెప్పు. లేకపోతే దారివ్వు."

నా దగ్గర లెక్క లేదు. అనుమానం ఒక్కటే ఉంది. ముల్లు చెప్పిన మాటా నవీన్ చెప్పిన మాటా అతికినట్టు సరిపోయాయి. నా అనుభవంలో నిజమైన సాక్ష్యాలు అంత చక్కగా అతకవు. ఎక్కడో ఒకచోట అయిదు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి, ఒకరు పచ్చచీర అంటే ఇంకొకరు నీలం అంటారు.

అప్పుడు నా వెనక నుంచి రూబీ గొంతు వినిపించింది. ఆ గదిలోకి ఆమె రావడం గురువారం తర్వాత అదే మొదలు.

"అక్కా, ముల్లు అక్కడుండాదేంది?"

"ఎక్కడుండాలి?"

"అంచుకి వచ్చిందంటే రికార్డు అయిపోయిందని గదా. మొదలు లోపలుండాది."

మాల్యాద్రి గారు నవ్వారు. రూబీ ఆయన నవ్వు ముగిసేదాకా ఆగలేదు, తిన్నగా వెళ్ళి రెండు చేతులతో ఇత్తడి బిళ్ళ పైకెత్తింది. కింద గోధుమరంగు లేబులు. టైపు చేసిన నాలుగు ఇంగ్లీషు మాటలు, లోపలి నుంచి మొదలుపెట్టాలని. పక్కనే నడుమ నుంచి అంచు వైపు చూపిస్తూ ఒక బాణం గుర్తు.

"రేడియో వాళ్ళ పెద్ద రికార్డులు చాలా ఇట్టానే ఉంటాయంట. గాడి కోసేటప్పుడు పీచు లేస్తది. అది ముల్లుకి అడ్డం పడకుండా లోపల మొదలుపెట్టి బయటికి కోసుకుంటా వస్తారు. నాయన ఈ చేతిని లోపలి నుంచి బయటికి జరిగేటట్టు బిగించినాడు, నేనే గదా పట్టుకునింది," అంది రూబీ.

మాల్యాద్రి గారు లేబులు మీదకి వంగి రెండుసార్లు చదివారు. నేను మాత్రం మనసులో ఎగిరి గంతేశాను.

"సార్," అన్నాను. "మీ లెక్కని తిరగేయండి. ముల్లు అంచున ఉంటే రికార్డు మొదలైనట్టు కాదు, ముగిసినట్టు. నాలుగు ప్రకటనలు, ఒక్కోటి మూడుంబావు నిమిషాలు, మొత్తం పదమూడు నిమిషాలని లేబులు మీదే ఉంది. మీ లెక్కన పదీ మూడుకి పెట్టినా పదీ పదహారు దాకా ఇక్కడ మోగుతూనే ఉంది. పదీ తొమ్మిదికి సురేంద్ర హార్డ్‌వేర్ షాపు కెమెరాలో ఉన్నాడు."

"ముల్లు జారుండొచ్చు," అన్నారు మాల్యాద్రి గారు. గొంతులో పట్టు సడలింది, అయినా వదల్లేదు. "మనిషి పడినప్పుడు బల్ల కదిలి ఉంటది."

ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఫోన్ లైటు వేసి రికార్డు మీదకి వంగాను. మూడో పట్టీ నడుమ నుంచి నాలుగో పట్టీ చివరిదాకా సన్నటి తెల్లని గీత, వంకరగా, గాడులకి అడ్డంగా. ఆ పూత మెత్తన. ముల్లును ఎత్తకుండా ఈడిస్తే అలాగే గీరుకుంటుంది.

"జారితే ఒక్క గుంజుకి పోయి అంచు దాటి కింద పడేది. ఇది చూడండి, నడుమ రెండుచోట్ల ఆగి ఆగి పోయింది. ఎవరో చేత్తో లాగారు. మూడో ప్రకటన మోగుతుండగా దెబ్బ పడింది. కొట్టినవాడు ముల్లుని అంచుకి తెచ్చి పెట్టాడు. ఎందుకు?"

మాల్యాద్రి గారు రికార్డు మీది నుంచి చూపు తిప్పుకున్నారు. ఆయనకి తెలిసిపోయింది, నాకు ఆ ముఖంలో కనిపించింది.

"రికార్డు అప్పుడే మొదలైనట్టు కనబడాలని. మొదట్లో సురేంద్ర గదిలో ఉన్నాడు కాబట్టి. మిషను చేసినవాడు చచ్చినా అంచున పెట్టడు సార్, మొదలు ఎక్కడో అతనికి తెలుసు. మీ ఇంట్లోలాంటి గ్రామఫోను చూసి పెరిగినవాడు పెడతాడు."

*

పిచ్చమ్మ ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా వంట చేస్తోంది. పెరట్లో కొళాయి పక్క రాయి మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. కొళాయి గట్టుకి ఎదురుగానే ఆ గది కిటికీ.

"అవ్వా, గురువారం రికార్డు విన్నావా?"

"వినకుండా ఎట్ట ఉంటా? కిటికీ ఇదే గదా."

"మరి మాల్యాద్రి గారికి చెప్పలేదేం?"

"ఆ సారు ఏం చూసినావు అని అడిగినాడు. నేనేం చూళ్ళా. చూళ్ళేదనే చెప్పినా." ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నా ఆమె లెక్కచేయలేదు.

"ఏం విన్నావో నాకు చెప్పు. మొదటి నుంచి."

"పదికి కొళాయి వస్తది. బిందె పెట్టినానో లేదో లోపల పాట మొదలైంది. కాఫీ పాట. తర్వాత తలనూనె పాట, ఆడమనిషి, గొంతు శానా బాగుండాది. తర్వాత గాజులంట, ఆడపిల్లలు కిలకిలా నవ్వతా ఉండారు. ఆ నవ్వులోనే దభీమని చప్పుడైంది. పెట్టె పడిందేమో అనుకున్నా తల్లీ, అయ్య పడినాడనుకోలా..." పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తర్వాత బర్రుమని గీరినట్టు. ఒక మగాయన 'గిరిజ పళ్ళపొడి, గిరిజ పళ్ళపొడి' అని రెండుసార్లు అరిచినాడు. అంతే, ఆగిపోయింది. రికార్డు వినేటప్పుడు పిలిస్తే అయ్యకి కోపం. అందుకే నేను పోలా."

"దభీమన్నప్పుడు నీళ్ళు ఎన్ని బిందెలు పట్టావు?"

ఆ ప్రశ్నకి మాల్యాద్రి గారు నా వంక వింతగా చూశారు. పిచ్చమ్మ మాత్రం వెంటనే చెప్పింది. "నాలుగు నిండినయ్యి. అయిదోది పెడతన్నా."

"రోజూ ఎన్ని పడతావు?"

"అరగంట వస్తది నీళ్ళు. పదిహేను."

అరగంటకి పదిహేను. బిందెకి రెండు నిమిషాలు. నాలుగు బిందెలంటే పదీ ఎనిమిది. హార్డ్‌వేర్ షాపు అయిదు నిమిషాల నడక, సురేంద్ర అక్కడి కెమెరాలో పడింది పదీ తొమ్మిదికి. యాభై ఏళ్ళు దాటిన మనిషి మోకాళ్ళ నొప్పులతో ఒక్క నిమిషంలో ఎగిరి వెళ్ళాలి.

రూబీ నా చెయ్యి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

"ఇంకొక్కటి అవ్వా. అయ్యకి ఫోన్ వస్తే?"

"ఆ గదిలో సిగ్నలు యాడుండాది? రాతి గోడలు. గంట మాత్రం ఒక్కోసారి మోగతది, మాట్లాడాలంటే వసారాలోకి పోవాల్సిందే. ఆ పొద్దు కూడా పోయినాడు. 'సురేంద్ర ఇప్పుడే బజారుకి పోయినాడురా' అంటా ఉన్నింది ఇక్కడికి వినపడింది."

నేను మాల్యాద్రి గారి వైపు తిరిగాను. ఆయన అప్పటికే తన రిపోర్టు తీసి చూసుకుంటున్నారు.

"సార్, మీ రిపోర్టులో మొదటి యాడ్ పళ్ళపొడిది అని రాశారు. మీకెవరు చెప్పారు?"

"నవీన్."

"నాకూ అతనే చెప్పాడు. అరవై ఏళ్ళుగా ఆ రికార్డు ఎవరూ వినలేదని కూడా అతనే చెప్పాడు. పదీ నాలుగుకి ఇక్కడ మోగుతున్నది తలనూనె పాట. పళ్ళపొడి మాట ఆ రోజు ఈ ఇంట్లో మోగింది ముల్లుని అంచుకి లాగి పెట్టినప్పుడే, రెండే రెండుసార్లు. అది విన్నది ఇద్దరు. ఒకరు ఈ అవ్వ. రెండో మనిషి ఆ ముల్లుని పట్టుకున్నవాడు. అంచునే మొదలనుకున్నాడు కాబట్టి, అది మొదటి ప్రకటన అనుకున్నాడు."

"ఫోన్..." అన్నారు మాల్యాద్రి గారు నెమ్మదిగా.

"ఆత్మకూరు నుంచి చేయలేదు. ఈ వీధి చివర నుంచి చేశాడు, సురేంద్ర ఉన్నాడా వెళ్ళాడా అని. వెళ్ళాడని మామయ్యే చెప్పాడు. టవర్ వివరాలు తెప్పించండి, తేలిపోతుంది. కానీ అవి రావడానికి వారం పడుతుంది. అతనిప్పుడు ఎక్కడున్నాడు?"

అడిగాక గాని నాకు తెలివి రాలేదు. నా ప్రశ్నకి జవాబు పొద్దున నేనే చెవులారా విన్నాను. వాచీ చూసుకున్నాను. ఒంటిగంట యాభై రెండు. రెండింటికి బంధువుల్ని లోపలికి వదుల్తారు. మామయ్య వేళ్ళు కదిపాడని అంత సంబరంగా చెప్పినవాడిని నేను చూస్తూ కారెక్కనిచ్చాను. సిగ్గేసింది, సిగ్గుపడడానికి మాత్రం తీరిక లేదు.

"రూబీ, ఆ ఆసుపత్రిలో నీకెవరన్నా తెలుసా?"

"మా లిదియమ్మత్త అక్కడ నర్సు. పెద్దాయన్ని చూసుకునేది ఆమే."

రూబీ వసారాలోకి పరిగెత్తి ఫోన్ కలిపింది. స్పీకరు పెట్టింది. లిదియమ్మ గొంతు తాపీగా వచ్చింది. "ఆయన మేనల్లుడు ఇప్పుడే లోపలికి పోయినాడు రూబీ. కన్నీళ్ళు పెట్టుకుంటా ఉంటే డాక్టరు ముందే పంపించినాడు. నన్ను కొబ్బరినీళ్ళు తెమ్మన్నాడు, కిందకి దిగతా..."

"దిగొద్దు," అన్నాను. "వెనక్కి వెళ్ళండమ్మా. మంచం పక్కన నిలబడండి. ఎవరు ఏం చెప్పినా కదలొద్దు."

చెప్పుల చప్పుడు వినిపించింది, పరుగు. లైను కట్టయింది.

మాల్యాద్రి గారు ఒక్క క్షణం నన్ను చూశారు. ఆ మనిషిని నేను చాలాసార్లు తిట్టుకున్నాను. ఆ క్షణాన ఆయన చేసిన పనికి మాత్రం ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఏమీ అడక్కుండా తన ఫోన్ తీసి నవీన్ నంబరు కొట్టి, స్పీకరు పెట్టి, గుమ్మం దగ్గర పట్టుకున్నారు.

"రూబీ, రెండో పట్టీ," అన్నాను.

రూబీ గదిలోకి ఉరికి స్విచ్చి వేసింది. పళ్ళెం తిరిగింది. లోపలి నుంచి రెండో పట్టీ మొదట్లో ముల్లు ఆనించింది. గరగర, తర్వాత ఆడగొంతు. "నల్లని కురులకు చల్లని తైలం..." 1961 నాటి గొంతు, నిన్న పాడినట్టుంది.

"చెప్పండి మాల్యాద్రి గారూ," అన్నాడు నవీన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఎవరో నర్సమ్మ వచ్చి ఇక్కడే నిలబడింది, ఎంత చెప్పినా పోదు. ఏందా పాట?"

"అదే నవీన్. ఈ పాట ఎప్పుడన్నా విన్నావా?"

"లేదే. ఎప్పుడూ విన్లా. ఎందుకు?"

మస్తానయ్య పెన్ను తీసి టైము రాసుకున్నాడు. మంచి కానిస్టేబుల్.

నేను ఫోన్ దగ్గరికి వంగాను. "గురువారం పదీ నాలుగుకి మీ మామయ్యతో మాట్లాడుతుంటే వెనక మోగింది ఇదే నవీన్ గారూ. బ్రహ్మాండంగా వినపడిందన్నారు కదా. పళ్ళపొడి యాడ్ ఆ రికార్డులో చిట్టచివరిది. మొదలు లోపలుంటుంది. మీకు తెలియదు, ఇత్తడి బిళ్ళ ఎత్తి చూడలేదు మీరు."

అవతల ఊపిరి వినిపించింది. పాట సాగుతూనే ఉంది. తర్వాత ఏదో ఇనప వస్తువు పడిన చప్పుడు, లిదియమ్మ కేక, లైను తెగిపోవడం, మూడూ ఒక్కసారే.

మళ్ళీ కలిపితే ఎత్తలేదు. లిదియమ్మా ఎత్తలేదు. మాల్యాద్రి గారు ఒక ఫోన్లో, మస్తానయ్య ఇంకో ఫోన్లో నెల్లూరుకి మాట్లాడుతున్నారు. రూబీ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నేను చాలా కాలంగా చర్చికి వెళ్ళడం లేదు. అయినా ఆ రెండు నిమిషాలు నేనూ చేశాను.

ఫోన్ మోగింది.

"నన్ను తోసేసి మెట్ల మీదుగా పోయినాడు," లిదియమ్మ రొప్పుతోంది. "స్టాండు పడింది నా కాలి మీద. పెద్దాయనకి ఏం కాలేదు. ఏం కాలేదు రూబీ. వాడి ఫోన్లోంచి ఆ పాట వినపడంగానే కళ్ళు తెరిచినాడు. ఏందో అంటా ఉండాడు, ఉండు."

మాల్యాద్రి గారు మస్తానయ్యతో, "తెల్ల కారు. నంబరు నేనిస్తా రాసుకో. ఆత్మకూరు రోడ్డూ, బైపాసూ రెండూ చెప్పు. నా క్లయింటే, నేనే పట్టిస్తా," అంటున్నారు.

ఫోన్లో బొంగురు గొంతు వినిపించింది. ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టుంది.

"చివరి... దాకా పెట్టండి."

నేను రూబీకి సైగ చేశాను. ఆమె ముల్లెత్తి నాలుగో పట్టీ మొదట్లో ఆనించింది. ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. గీత పడిన చోటల్లా టక్కుమంటోంది, అయినా మాట స్పష్టంగానే ఉంది. ముందు చిన్న పాట, దంతాలు మల్లెమొగ్గలని. తర్వాత ఒక పెద్దమనిషి గొంతు, చదివి అప్పజెప్పే గొంతు కాదు, మామూలుగా మాట్లాడుతున్నట్టు.

"శ్రోతలకు నమస్కారం. నేను గిరిజ కంపెనీ యజమానిని. ఈ పొడి పాళ్ళు కనిపెట్టింది నేను కాదు. ఉదయగిరి వాస్తవ్యులు, ఆసుపత్రి కాంపౌండరు శ్రీ ఓబయ్య గారు. ఆయన తన చేత్తో నూరి ఇస్తారు. డబ్బా మాది, పొడి ఆయనది. ఈ సంగతి మీరంతా ఎరిగి ఉండాలని రేడియోలో చెబుతున్నాను. గిరిజ పళ్ళపొడి. గిరిజ పళ్ళపొడి."

ముల్లు అంచుకి వచ్చి ఆగింది. రూబీ స్విచ్చి తీయడం మరిచిపోయి నిలబడిపోయింది.

"ఓబయ్య మా తాత," అంది.

నవీన్ ఆఫీసు గోడ మీది పోస్టరు గుర్తొచ్చింది. మా తాత చేతి పొడి. తాతెవరో ఈ రికార్డు నలుగురి ముందూ మోగిన రోజున తేలిపోతుంది, హైదరాబాదు బేరం పోతుంది. రికార్డు వినకపోయినా, అందులో ఓబయ్య గారి పేరు ఉందని మామయ్య నోట నవీన్ ఎప్పుడో వినే ఉంటాడు. అందుకే మోగించాలన్న మనిషినీ, మోగించగలిగిన మనిషినీ ఒక్క దెబ్బతో తీసేయాలనుకున్నాడు. మాల్యాద్రి గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, రూబీ వంక చూడలేక నేల చూస్తున్నారు.

ఫోన్లో మళ్ళీ ఆ బొంగురు గొంతు.

"సురేంద్ర... ఏడీ?"

రూబీ రెండు చేతులతో ఫోన్ అందుకుంది. "స్టేషన్లో ఉండాడు పెద్దయ్యా. మిషను బాలేదని మీరు అంటే మిమ్మల్ని కొట్టినాడని..."

"ఎవరన్నారు?" పెద్దాయన గొంతులో కోపం. చావు దాకా పోయి వచ్చిన మనిషికి అంత కోపం ఉందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. "మిషను బ్రహ్మాండంగా ఉండాది. వాడికి నేను చెప్పినానని... పోయి చెప్పు."

అప్పుడు ఏడ్చింది రూబీ, రెండు రోజులుగా ఆపుకున్నదంతా. నేను ఏడవొద్దని అనలేదు, కారు తాళాలు తీసుకున్నాను. రెండూ పది అయింది. నాలుగింటిలోపు స్టేషనుకి వెళ్ళాలి.